రెడ్ క్లోవర్ బిళ్ళలు మింగేముందు లెక్క ఎలా చూసుకోవాలి

మా వదిన ప్రొద్దుటూరు బస్సు దిగి నేరుగా షాపుకే వచ్చింది. సంచిలోంచి గోంగూర కట్ట తీసి పక్కన పెట్టి, దాని కింద నుంచి ఒక తెల్ల ప్లాస్టిక్ సీసా బయటికి తీసింది. షాపులో మగవాళ్ళెవరూ లేరని ఒకసారి చూసుకుని, "పాప పంపించింది అమెరికా నుంచి. ఆవిర్లకు మంచిదంట. మింగాల్నా వద్దా చెప్పమ్మీ" అంది. సీసా మీద గులాబీ రంగు పూగుత్తి బొమ్మ, పక్కన రెడ్ క్లోవర్ అని పేరు.

కడపలో మందుల షాపు కౌంటర్ వెనక కూర్చోబట్టి నాకు 22 ఏళ్ళు. నెలసరి ఆగే వయసులో, అంటే మెనోపాజ్‌లో, వచ్చే ఆవిర్ల గురించి ఆడవాళ్ళు గొంతు తగ్గించే అడుగుతారు. అక్క పిల్లలో, కోడళ్ళో బయటి దేశాల్లో ఉన్న ఇళ్ళలో ఇలాంటి సీసాలు ఇప్పుడు మామూలైపోయాయి. "మంచిదంట" అనే మాట తప్ప వాళ్ళ దగ్గర ఇంకేమీ ఉండదు. వదినకు ఆ రోజు ఏ వరుసలో చెప్పానో అదే వరుసలో రాస్తున్నాను. మీ ఇంటికీ ఒక సీసా వచ్చి ఉంటే పక్కన పెట్టుకుని చదవండి, మూత మాత్రం ఇప్పుడే తీయకండి.

1. ఎండ వేడా, ఒంటి వేడా తేల్చుకోండి

మే నెలలో కడపలో 42, 43 డిగ్రీలు కాస్తుంటే, మధ్యాహ్నం కరెంటు పోతే, ఇంట్లో అందరికీ ఆవిర్లే. మెనోపాజ్ ఆవిరి తీరు వేరు. ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా ముఖానికి ఎక్కుతుంది. కొన్ని నిమిషాలు ఉండి, చెమట పట్టి, దిగిపోతుంది. దిగాక కొందరికి వణుకు కూడా వస్తుంది. సంక్రాంతి చలిలో తెల్లవారుజామున దుప్పటి తన్నేసి ఫ్యాన్ వేసుకుంటున్నారంటే అది ఎండ పని కాదు.

అలాగని ప్రతి చెమటనూ మెనోపాజ్ ఖాతాలో వేయకండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, షుగర్ మందు వేసుకుని తిండి ఆలస్యం చేసినా చెమటలు పడతాయి. రాత్రి చెమటలతో పాటు సాయంత్రం జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే ముందు టీబీ పరీక్ష. నెలసరి ఆగి ఏడాది దాటిన తర్వాత మళ్ళీ రక్తం కనిపిస్తే, ఒక్క మరకైనా సరే, సీసా సంగతి వదిలేసి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. దీన్ని నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. పాశ్చాత్య దేశాల్లో సగటున 51 ఏళ్ళకు వస్తే మన దేశంలో 46, 47 ఏళ్ళకే వస్తుంది. దీనికి తోడు మన రాష్ట్రంలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న వాళ్ళు చాలామంది ఉన్నారు. మీరూ వాళ్ళలో ఒకరైతే బీరువాలోంచి ఆపరేషన్ కాగితాలు తీయండి. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అన్నది డిశ్చార్జి చీటీలో రాసి ఉంటుంది. అండాశయాలు పోతే శరీరంలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, ఆవిర్లు గట్టిగా వస్తాయి. 45 ఏళ్ళ లోపు అలా జరిగితే ఎముకల గురించి, గుండె గురించి డాక్టరుతో విడిగా మాట్లాడాల్సి ఉంటుంది. దానికి ఈ పూల బిళ్ళ జవాబు కాదు.

2. సీసా వెనక్కి తిప్పండి

ముందు వైపు ఉన్నది అమ్మేవాడి మాట. వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్నది చట్టం రాయించిన మాట. అమెరికా సీసా అయితే, ఈ ఉత్పత్తి ఏ రోగాన్నీ గుర్తించడానికి గానీ నయం చేయడానికి గానీ ఉద్దేశించింది కాదని, మీద రాసిన మాటలను అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలించలేదని ఉంటుంది. అక్కడ 1994లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటివాటిని ఆహార సప్లిమెంట్లుగా అమ్ముకోవచ్చు, పనిచేస్తాయని ముందుగా రుజువు చూపించాల్సిన పని లేదు. మన దేశంలో అమ్మే సప్లిమెంటు అయితే మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, వైద్య వినియోగానికి కాదన్న మాట ఉండాలి. ఆ రెండూ లేకుండా వాట్సాప్‌లో అమ్మేవాటిని కొనకండి.

తర్వాత అంకె. వదిన సీసా మీద 400 మిల్లీగ్రాములని పెద్దగా ఉంది. "రెండు మింగితే 800, ఎక్కువే కదా" అంది. అది పూల పొడి బరువు. పరిశోధకులు కొలిచింది పొడిని కాదు, అందులో ఉండే ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలను. ఎక్కువ ప్రయోగాల్లో రోజుకు 40 లేదా 80 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఇచ్చారు. పొడిలో అవి ఎంత ఉన్నాయో వదిన సీసా మీద ఎక్కడా లేదు. "మీ డెయిరీలో పాలకు డబ్బు లీటర్లు చూసి ఇస్తారా, వెన్న శాతం చూసి ఇస్తారా?" అని అడిగాను. బర్రెలు మేపిన మనిషికి అంతకంటే చెప్పక్కర్లేదు. ఐసోఫ్లేవోన్ల అంకె లేని సీసాకు, పరిశోధనల్లో వాడిన మందుకు పేరు ఒకటే, సరుకు ఒకటని చెప్పలేం.

పదార్థాల జాబితాలో ట్రైఫోలియం ప్రటెన్సే అన్న శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి. మెనోపాజ్ సపోర్ట్ అని అమ్మే చాలా సీసాల్లో దీనితో పాటు బ్లాక్ కోహోష్ అనే మూలిక, సోయా, ఇంకా రెండు మూడు వేళ్ళూ ఆకులూ కలిపేస్తారు. బ్లాక్ కోహోష్ వాడిన వాళ్ళలో అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. కామెర్లు వచ్చి తగ్గిన వాళ్ళు, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళు కలగాపులగం సీసా జోలికి పోవద్దు.

ఈ పువ్వులో అసలేముంది

మింగే వస్తువు గురించి కాస్త తెలుసుకోవాలి కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. రెడ్ క్లోవర్ చలి దేశాల పశుగ్రాసం. మన కంది, వేరుశనగ, ఉలవల కుటుంబమే. వేళ్ళకు బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. న్యూజిలాండ్‌కు వలస వెళ్ళిన ఇంగ్లీషు రైతులు దీన్ని వేసుకుంటే గింజ సరిగా కట్టలేదు. ఆ పొడవాటి పూగొట్టంలోకి నాలుక అందే తేనెటీగ అక్కడ లేదు మరి. 1885లో ఇంగ్లండ్ నుంచి బంబుల్ బీలను ఓడలో తెచ్చి వదిలాకే పని జరిగింది. ఆన్‌లైన్‌లో విత్తనాలు తెప్పించి మిద్దె మీద వేద్దామని అడిగేవాళ్ళకు నా జవాబు: మన ఎండకు నిలవదు. మేత కావాలంటే లూసర్న్ వేసుకోండి.

ఈ మొక్కలో ఫార్మోనోనెటిన్, బయోకానిన్ ఏ అని రెండు ముఖ్యమైన ఐసోఫ్లేవోన్లు ఉంటాయి. మన పేగుల్లో బ్యాక్టీరియా, కాలేయం కలిసి వీటిని సోయాలో ఉండే డైడ్జీన్, జెనిస్టీన్‌లుగా మారుస్తాయి. వాటి ఆకారం ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటుంది. ఈస్ట్రోజెన్ కూర్చునే చోట ఇవీ కూర్చోగలవు, కాకపోతే చాలా బలహీనంగా. ఇదే రెండు పదార్థాలు మన నల్లరేగడి శనగలోనూ ఉన్నాయి, బహు కొద్దిగా. మొలకెత్తితే కాస్త పెరుగుతాయి. ఈ మాట చదివి పూటకో గిన్నె మొలకలు తినకండి, ఆ కొద్దిపాటితో ఆవిర్లు తగ్గవు, కడుపు మాత్రం ఉబ్బరిస్తుంది.

బలహీనమే కదా అని తీసిపారేయడానికీ లేదు. 1940ల్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో సబ్‌టెరేనియన్ క్లోవర్ మేసిన గొర్రెలు చూలు నిలవక మందలు మందలుగా గొడ్డుపోయాయి. అది రెడ్ క్లోవర్‌కు దాయాది. దాంట్లోని ఫార్మోనోనెటిన్ గొర్రె కడుపులో ఈక్వాల్ అనే ఇంకా బలమైన పదార్థంగా మారడమే కారణమని తర్వాత తేలింది. మన పల్లెల్లో జొన్న నాము మేసి పశువు పడిపోవడం చూసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. అదే జొన్న ముదిరితే మంచి చొప్ప, కోసిన దుబ్బుకు వచ్చిన లేత పిలక విషం. మొక్క కదా, ఏమీ చేయదులే అనే మాట గొర్రెలకాపరి ముందు అంటే నవ్వుతాడు.

మనుషుల్లో ఈక్వాల్‌ను తయారుచేసే బ్యాక్టీరియా అందరి పేగుల్లో ఉండదు. పాశ్చాత్యుల్లో నూటికి ముప్పై మంది లోపు, జపాన్ వాళ్ళలో సగం మందికి పైగా ఉంటుంది. మీ పక్కింటామెకు పనిచేసిందని మీకూ పనిచేస్తుందనుకోకపోవడానికి ఇదొక కారణం.

3. మీ మందుల పెట్టె ముందేసుకోండి

రోజూ వేసుకునే బిళ్ళల షీట్లన్నీ మంచం మీద పరచండి. కింద చెప్పిన వాటిలో ఒక్కటి మీకు వర్తించినా ఇక్కడే ఆగిపోండి, మిగతా మెట్లు మీకు అక్కర్లేదు.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, గర్భసంచి లేదా అండాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ళు, టామాక్సిఫెన్ గానీ లెట్రోజోల్ గానీ వాడుతున్నవాళ్ళు. ఆ మందులు చేసే పనే ఈస్ట్రోజెన్‌ను అడ్డుకోవడం. దాన్ని పోలిన వస్తువును ఇంకో చేత్తో మింగడం తలుపుకు గడియ పెట్టి కిటికీ తెరిచినట్టు. క్యాన్సర్ డాక్టరు రాసిస్తే తప్ప ముట్టుకోకండి.

గుండె వాల్వు మార్పించుకుని, లేదా కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, వార్ఫరిన్ గానీ ఎసినోకౌమరాల్ గానీ వాడుతున్నవాళ్ళు. ఇక్కడొక పాత కథ ఉంది. 1920ల్లో కెనడాలో, అమెరికా ఉత్తర మైదానాల్లో పాడైన స్వీట్ క్లోవర్ మేత తిన్న పశువులు కొమ్ము కోసినా నెత్తురు ఆగక చచ్చిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం 1940 నాటికి ఆ పదార్థాన్ని విడదీసింది, పేరు డైకౌమరాల్. దాని దారిలోనే వార్ఫరిన్ పుట్టింది. మొదట ఎలుకల మందుగా అమ్మి, తర్వాత మనుషులకు రక్తం పలచబరిచే మందుగా తెచ్చారు. స్వీట్ క్లోవర్, రెడ్ క్లోవర్ ఒకటి కాదు. ఈ తేడా తెలియకుండా భయపెట్టే వాళ్ళూ ఉన్నారు. అయినా రక్తం గడ్డకట్టే వేగం చూసే ఐఎన్ఆర్ పరీక్ష అంకె అటూ ఇటూ ఊగితే ప్రాణం మీదికొచ్చే మనిషి, ఇంకో కొత్త వస్తువును మధ్యలోకి తేవడంలో అర్థం లేదు.

హార్మోన్ బిళ్ళలు ఇప్పటికే వాడుతున్నవాళ్ళు, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు కూడా వద్దు. ఆపరేషన్ తేదీ దగ్గర పడితే సర్జన్‌కు ఈ సీసా పేరు కూడా చెప్పండి. "ఇది మందు కాదు కదా" అని చాలామంది దాస్తారు.

ఇవేవీ లేని ఆరోగ్యవంతుల మాటేమిటి? ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో సోయా, రెడ్ క్లోవర్ ఐసోఫ్లేవోన్ల మీద ఉన్న పరిశోధనలను చూసి, మెనోపాజ్ దాటిన మహిళల్లో రొమ్ముకు, గర్భసంచికి, థైరాయిడ్‌కు హాని చేసినట్టు ఆధారాలు కనబడలేదని చెప్పింది. భయం కొంత తగ్గించే మాటే. కానీ హాని చేయదు అన్నది, పనిచేస్తుంది అన్నది వేరువేరు మాటలు.

4. పరిశోధనను మీరే తెరిచి చూడండి

పబ్‌మెడ్ అనే సైట్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో రెడ్ క్లోవర్, మెనోపాజ్ అని ఇంగ్లీషులో కొడితే సారాంశాలు వస్తాయి. డిగ్రీ చదివే పిల్లనో పిల్లవాడినో పక్కన కూర్చోబెట్టుకోండి. నాలుగు సంగతులు వెతికితే చాలు: చేసింది మనుషుల మీదా ఎలుకల మీదా, ఎంతమంది, ఎన్నాళ్ళు, దేనితో పోల్చారు. నాలుగోది దొరకకపోతే మిగతా మూడూ దండగ.

ఎందుకో ఒక ప్రయోగంతో చూపిస్తాను. 2003లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. 45 నుంచి 60 ఏళ్ళ మధ్య 252 మంది మహిళలు, వారానికి కనీసం 35 ఆవిర్లు వస్తున్నవాళ్ళు. 12 వారాలు. ఒక గుంపుకు రోజుకు 82 మిల్లీగ్రాముల రెడ్ క్లోవర్ ఐసోఫ్లేవోన్లు, రెండో గుంపుకు 57 మిల్లీగ్రాములు ఇచ్చారు. మొదటి గుంపులో రోజుకు సగటున 5.1 ఆవిర్లు తగ్గాయి. రెండో గుంపులో 5.4 తగ్గాయి.

ఇక్కడ వదిన "అయితే పనిచేస్తాది కదమ్మీ" అంది. నేనూ సారాంశం మొదటిసారి చదివినప్పుడు ఈ వాక్యం దగ్గర అదే అనుకున్నాను. మూడో గుంపు ఉంది. వాళ్ళకు అచ్చం అలాగే కనిపించే వట్టి బిళ్ళలు ఇచ్చారు, లోపల మందు లేదు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకు తెలియదు. వాళ్ళకూ రోజుకు 5.0 తగ్గాయి.

వదిన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అంటే వాళ్ళు అబద్ధం చెప్పినారా?" అంది. లేదు. వాళ్ళకు నిజంగానే తగ్గాయి. ప్రయోగంలో ఎవరైనా చేరేది బాధ ముదిరిన రోజుల్లోనే కదా, ముదిరింది దానంతటదే కొంత దిగుతుంది. ఏదో మింగుతున్నాం, ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యంతో నిద్ర పడుతుంది. వయసు గడిచేకొద్దీ ఆవిర్లు చాలామందికి తగ్గుముఖం పడతాయి. ఇవన్నీ కలిసి రోజుకు ఐదు. ఆ ఐదు పోగా మందు తన చేత్తో చేసింది ఎంత అన్నదే ప్రశ్న. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: 82 మిల్లీగ్రాముల గుంపులో తగ్గడం వట్టి బిళ్ళ గుంపు కంటే త్వరగా మొదలైంది. చివరికి చేరింది మాత్రం ఒకే చోటికి.

2009లో షికాగోలో చేసిన ప్రయోగం చిన్నది, 89 మందే. కానీ ఏడాది పాటు నడిచింది, నాలుగు గుంపులు పెట్టారు. బ్లాక్ కోహోష్ గుంపులో ఆవిర్లు 34 శాతం, రెడ్ క్లోవర్ గుంపులో 57 శాతం, వట్టి బిళ్ళ గుంపులో 63 శాతం, హార్మోన్ మందు గుంపులో 94 శాతం తగ్గాయి. ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద రాసి కౌంటర్ లోపలి వైపు అంటించుకున్నాను. అడిగిన వాళ్ళకు చూపిస్తే నేను మాట్లాడాల్సిన పని సగం తగ్గుతుంది.

ఒకటి రెండు ప్రయోగాలు చూసి తేల్చేయకూడదు, అన్నిటినీ కలిపి చూసే సమీక్షలు చదవాలి. అక్కడా గొడవే. పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2013 నాటి సమీక్ష రెడ్ క్లోవర్ ప్రయోగాలు ఐదింటిని కలిపి చూసి, వట్టి బిళ్ళకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదంది. 2021లో వచ్చిన మరో సమీక్ష రోజుకు సుమారు 1.7 ఆవిర్లు అదనంగా తగ్గుతున్నాయంది. ఏ ప్రయోగాలను కలుపుకున్నారు, ఏవి వదిలేశారు అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. నా అంచనా అడిగితే: ఉంటే గింటే చిన్న ఉపయోగం. రోజుకు పది వచ్చే చోట ఎనిమిది చిల్లర వస్తే మీకు తేడా తెలుస్తుందా, దానికి నెలకు అంత డబ్బు పెట్టొచ్చా అన్నది మీరే చూసుకోవాలి.

ఎముకల గురించీ సీసాల మీద రాస్తుంటారు. డెన్మార్క్‌లో పులియబెట్టిన రెడ్ క్లోవర్ రసంతో ఏడాది చేసిన ఒక ప్రయోగంలో ఎముక అరుగుదల నెమ్మదించింది. కానీ అది మామూలు పూల పొడి కాదు, దాంతో పాటు క్యాల్షియం, విటమిన్ డి కూడా ఇచ్చారు. మీ సీసాలో ఉన్నది ఆ రసం కాదు.

5. పాల లెక్క క్యాలెండర్‌లో ఆవిర్ల లెక్క

ఇంత చదివాక కూడా వాడి చూడాలనిపిస్తే తప్పేమీ లేదు, పై మూడో మెట్టు దాటి ఉంటే చాలు. కానీ లెక్క రాయకుండా వాడొద్దు.

గోడకు పెద్ద గళ్ళ తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, పాలవాడు ఎన్ని పోశాడో రాసుకునేది. ప్రతి గడిలో పాల అంకె పక్కన పెన్సిల్‌తో ఆవిరి వచ్చినప్పుడల్లా ఒక గీత గీయండి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. రాత్రి నిద్ర లేపినదానికి గీత పక్కన చుక్క పెట్టండి. ముందు రెండు వారాలు ఏమీ మింగకుండా రాయండి. ఇది విసుగ్గా ఉంటుంది, అందరూ దీన్నే ఎగ్గొడతారు. ఆ రెండు వారాలు లేకపోతే తర్వాత వచ్చే అంకెను దేనితో పోలుస్తారు?

వదిన మొదటి వారం రాసింది చూస్తే మంగళవారం గడిలో మూడు గీతలు, శుక్రవారం గడిలో పదకొండు. "శుక్రవారం ఏం చేసినావు వదినా?" అంటే, చుట్టాలొచ్చారని పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే ఉందట, మధ్యాహ్నం కారం దోసెలు, నాలుగుసార్లు టీ. సీసా మూత తీయకముందే క్యాలెండర్ ఒక సంగతి చెప్పేసింది.

తర్వాత 12 వారాలు వాడండి. ప్రయోగాలు ఎక్కువగా అంతే నడిచాయి. ఆ 12 వారాల్లో ఇంకే కొత్త మందూ, కషాయం, పథ్యం మొదలుపెట్టకండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ఒళ్ళంతా దద్దుర్లు, రొమ్ముల్లో నొప్పి, రక్తస్రావం, కళ్ళు పచ్చబడటం లాంటివి ఏవి కనిపించినా ఆపేసి డాక్టరును కలవండి. మందుల వల్ల వచ్చిన ఇబ్బందులను చెప్పుకోవడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు దేశమంతటికీ ఉంది, దానికీ చెప్పండి.

ఇక మన ఊళ్ళో వచ్చే అసలు చిక్కు. మేలో మొదలుపెట్టి ఆగస్టులో లెక్క చూస్తే ఏ బిళ్ళైనా బ్రహ్మాండంగా పనిచేసినట్టే కనిపిస్తుంది. రాత్రులు చల్లబడతాయి, నిద్ర పడుతుంది, ఆ పేరు బిళ్ళకు వస్తుంది. జనవరిలో మొదలుపెట్టి ఏప్రిల్‌లో చూస్తే మంచి మందు కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది. కడపలో ఏ 12 వారాలు తీసుకున్నా ఇదే బాధ. దీనికి నాకు తోచిన మార్గం ఒక్కటే: అదే వీధిలో, అదే వయసులో, ఆవిర్లు వస్తున్న ఇంకొకామెను జత చేసుకోండి. ఆమె ఏమీ మింగదు, ఊరికే గీతలు గీస్తుంది. ఇద్దరి ఒళ్ళూ ఒకటి కావు కాబట్టి ఇది శాస్త్రీయ ప్రయోగం అనిపించుకోదు. ఎండ ఎంత తగ్గించిందో, బిళ్ళ ఎంత తగ్గించిందో కాస్తైనా విడిగా కనిపిస్తుంది.

6. బాధ ఎక్కువైతే సీసాను పట్టుకుని కూర్చోవద్దు

రాత్రికి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తుంటే, పనికి పోలేకపోతుంటే, 12 వారాల ప్రయోగం అంటూ మీ ఒంటిని కష్టపెట్టుకోకండి. గైనకాలజిస్టు దగ్గర పనిచేసే మందులున్నాయి. హార్మోన్ మందు అన్నిటికంటే గట్టిది, పైన 94 శాతం చూశారుగా. అది అందరికీ సరిపడదు. వయసు, మెనోపాజ్ వచ్చి ఎన్నేళ్ళైంది, గడ్డలు కట్టిన చరిత్ర, క్యాన్సర్ చరిత్ర చూసి ఇస్తారు. హార్మోన్ వద్దన్నవాళ్ళకు తక్కువ మోతాదులో కొన్ని డిప్రెషన్ మందులు, మూర్ఛకు వాడే గాబాపెంటిన్ లాంటివి ఉన్నాయి. ఫెజోలినెటాంట్ అనే కొత్త మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. మెనోపాజ్ సొసైటీ అనే అమెరికా నిపుణుల సంఘం 2023లో ఇచ్చిన సలహాపత్రంలో వీటికి, మాటలతో చేసే సీబీటీ చికిత్సకు చోటిచ్చి, మూలికల సప్లిమెంట్లను సిఫార్సు చేయలేదు.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు క్యాలెండర్ కాగితాన్ని చించి తీసుకుపోండి. "చాలా ఆవిర్లమ్మా" అనేదానికంటే "రోజుకు ఎనిమిది, అందులో రాత్రి మూడు" అంటే రెండు నిమిషాల ఓపీలో కూడా పని జరుగుతుంది.

వదిన పోయిన ఆగస్టు చివర్లో మొదలుపెట్టింది. ఐసోఫ్లేవోన్ల అంకె ఉన్న సీసా పంపమంటే పాప ఇంకోటి పంపించింది. ఎదురింటి టీచరమ్మ జతగా కూడింది, ఏమీ మింగకుండా. డిసెంబరు మొదటి వారంలో ఇద్దరూ క్యాలెండర్ కాగితాలు చుట్టుకుని షాపుకు వచ్చారు. కౌంటర్ మీద పరిచి కూడితే వదినకు రోజుకు ఎనిమిది నుంచి నాలుగుకు వచ్చాయి. టీచరమ్మకు ఏడు నుంచి నాలుగు.

వదిన రెండు కాగితాలనూ మార్చి మార్చి చూసింది. సీసాలో ఇంకా ఇరవై బిళ్ళలున్నాయి.

"ఆపేస్తావా?" అన్నాను.

"బిడ్డ దుడ్లు పెట్టి పంపించింది, పారేస్తామా యాడన్నా? ఇవి అయిపోనీ" అంటూ సీసా సంచిలో వేసుకుంది. టీచరమ్మ మాత్రం కొత్త సంవత్సరం క్యాలెండర్ ఉంటే ఒకటి ఇమ్మని అడిగి తీసుకుంది.